టిక్కెట్టు అడిగిన అమ్మాయి: దుర్గాబాయి దేశ్‌ముఖ్ నుంచి మనం నేర్చుకోవాల్సింది

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరుగుతున్నాయి. దేశం నలుమూలల నుంచీ నాయకులు వచ్చారు. సభలతో పాటు ఖద్దరు ప్రదర్శన కూడా ఏర్పాటు చేశారు. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపకుండా చూసే పనిని వాలంటీర్లకు అప్పజెప్పారు. అలా గుమ్మం దగ్గర నిలబడ్డ వాలంటీర్లలో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకరున్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ ప్రదర్శన చూడటానికి వస్తే ఆ అమ్మాయి ఆపేసింది. టిక్కెట్టు లేదు కాబట్టి లోపలికి పంపనంది. నిర్వాహకులు కంగారుపడి పరుగున వచ్చారు, ఆయన ఎవరో తెలుసా అని కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే నేను చేస్తున్నాను కదా అన్నది ఆ పిల్ల సమాధానం. చివరికి టిక్కెట్టు కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్ళారు. ఆ అమ్మాయి పట్టుదలను మెచ్చుకున్నారు కూడా.

ఆ అమ్మాయే తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. ఈ కథ మనలో చాలామందికి తెలుసు. స్కూలు పుస్తకాల్లోనో, అమ్మమ్మ నోటనో, వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో వచ్చే ఉంటుంది. అయితే అందరం ఇక్కడే ఆగిపోతాం. "ఎంత ధైర్యం!" అనుకుని ఒక దండం పెట్టి ఫోను పక్కన పెట్టేస్తాం. అసలు కథ మాత్రం ఆ గుమ్మం దాటాకే మొదలవుతుంది. ఆ రోజు వేరేవాళ్ళను ఆపిన అమ్మాయికి ఆ తర్వాత తన ముందే ఎన్నో తలుపులు మూసుకున్నాయి. వాటి ముందు ఆమె ఏం చేశారన్నదే మనం తెలుసుకోవాల్సిన సంగతి.

ఎనిమిదేళ్ళకు పెళ్ళి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఆ రోజుల్లో అది మామూలే. పెళ్ళంటే ఏంటో తెలిసే వయసు వచ్చాక, పదిహేనేళ్ళప్పుడు, ఈ కాపురం నాకు వద్దు, నేను చదువుకుంటాను, దేశం కోసం పని చేస్తాను అని చెప్పేశారు. అతను వేరే పెళ్ళి చేసుకోవచ్చని కూడా చెప్పారు. తండ్రి బెన్నూరి రామారావు, అన్నదమ్ముడు ఆమె వైపే నిలబడ్డారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆమె ధైర్యం గురించి చెప్పేవాళ్ళు ఈ మాట సగంలో వదిలేస్తారు. పదిహేనేళ్ళ పిల్ల అంత మాట అనగలిగిందంటే, ఆ మాటకు తిట్టకుండా, కొట్టకుండా, నలుగురూ ఏమనుకుంటారో అని బెదరకుండా వెనక నిలబడ్డ పుట్టిల్లు ఒకటుంది. ధైర్యం ఆమెదే, కానీ ఆ ధైర్యం నిలబడటానికి చోటిచ్చింది ఆ ఇల్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ భర్త చనిపోయాక, ఒంటరిగా మిగిలిన అతని రెండో భార్యకు దుర్గాబాయే అండగా నిలిచారు. వద్దనుకున్న సంబంధం మీద ఆమెకు కోపం లేదు. ఆ ఏర్పాటు వల్ల నష్టపోయిన ఇంకో ఆడమనిషి ఆమె కంటికి కనిపించింది.

అయిదు వేల రూపాయల పందెం

టిక్కెట్టు కథ కన్నా ముందే ఇంకొకటి జరిగింది. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఊళ్ళో దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీజీని కలవాలని, ఆయన మాట వినాలని ఆ పిల్ల కోరిక. మామూలు సభకు వాళ్ళు రాలేరు, వచ్చినా ఎవరూ రానివ్వరు. నిర్వాహకులను అడిగితే, అయిదు వేల రూపాయల నిధి ఇస్తే కొన్ని నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్లే కదా, ఎక్కడ తెస్తుందిలే అనుకున్నారో ఏమో. ఆ స్త్రీలతో కలిసి ఆమె ఆ డబ్బు పోగు చేసింది. గాంధీజీ వచ్చారు. అనుకున్న నిమిషాలు దాటిపోయినా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి చెప్పింది కూడా ఈ పిల్లే.

ఈ సంఘటనలో నాయకత్వం ఎక్కడుందో చూడండి. గాంధీజీని తాను కలవాలని ఆమె అడగలేదు. సభకు రాలేని వాళ్ళ కోసం అడిగింది. ఊరంతా చిన్నచూపు చూసే ఆడవాళ్ళు కూడా ఈ దేశంలో భాగమేనని ఆ పన్నెండేళ్ళ పిల్లకు తోచింది, ఊరి పెద్దలకు తోచలేదు. అది కూడా కన్నీళ్ళతో బతిమాలి సాధించలేదు. షరతు ఏంటో అడిగి తెలుసుకుని, ఆ షరతు నెరవేర్చి చూపించింది.

హిందీ ఎలా వచ్చిందంటే, పట్టుదలగా నేర్చుకుంది. నేర్చుకున్నది దాచుకోకుండా ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టింది. తనకు ఏది దొరికినా వెంటనే దాన్ని పదిమందికి పంచే అలవాటు ఆమెకు చిన్నప్పుడే పట్టుబడింది.

జైల్లో కనిపించిన ఆడవాళ్ళు

1930లో ఉప్పు సత్యాగ్రహం. టంగుటూరి ప్రకాశం గారితో కలిసి మద్రాసులో దుర్గాబాయి పాల్గొన్నారు, అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు జైలు, మదురై జైలు. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

అయితే జైల్లో ఆమెను కలిచివేసింది తన కష్టం కాదు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న మామూలు ఆడవాళ్ళను చూశారు. చదువు లేదు, తమ మీద ఏ కేసు పెట్టారో సరిగ్గా తెలియదు, తమ తరఫున మాట్లాడే వకీలు లేడు. చెయ్యని నేరాన్ని ఒప్పుకుని జైలుకొచ్చిన వాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. వీళ్ళ కోసం మాట్లాడాలంటే జాలి సరిపోదు, చట్టం తెలియాలి అని ఆమెకు అర్థమైంది. లా చదవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఈ భాగం చదువుతుంటే మనకు కువైట్ గుర్తు రావాలి. మన గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో మనకు తెలుసు. చదవలేని భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి, పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో పెట్టి బతికే అక్కచెల్లెళ్ళు వాళ్ళలో ఉన్నారు. అమెరికాలోనో ఇంగ్లాండులోనో అయితే, అన్ని డిగ్రీలున్నా తన వీసా కాగితం మీద ఏం రాసుందో ఏనాడూ చదివి చూడని వాళ్ళు కూడా మనలో ఉన్నారు. "అవన్నీ మా ఆయనే చూసుకుంటారు" అనేస్తాం. తన గురించి రాసిన కాగితంలో ఏముందో తనకు తెలియకపోవడం అప్పటి వెల్లూరు జైల్లో ఉంది, ఇప్పటి మన ఇళ్ళలోనూ ఉంది.

హాస్టల్ లేకపోతే?

జైలు నుంచి వచ్చాక ఆమె చదువు మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. స్వరాజ్య ఉద్యమంలో ఊరూరా పేరున్న మనిషి, వయసు ఇరవై దాటింది, చేతిలో మెట్రిక్ కూడా లేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి పాసయ్యారు. "నేను ఇంత పని చేసినదాన్ని, ఇప్పుడు చిన్నపిల్లల్లా లెక్కలు, గ్రామరు చదవాలా" అనుకోలేదు. ఆ తర్వాత రాజనీతిశాస్త్రంలో బీఏ ఆనర్సు చదవడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

అక్కడ మరో తలుపు మూసి ఉంది. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, కాబట్టి చేర్చుకోవడం కష్టం అన్నారు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. దుర్గాబాయి ఏం చేశారో తెలుసా? హాస్టల్ లేకపోవడం వల్లే చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొందరు అమ్మాయిలు ముందుకొచ్చారు. వాళ్ళందరూ కలిసి ఉండటానికి చోటు చూసి, తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక కాదనడానికి కారణం లేకుండా పోయింది.

ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే, టిక్కెట్టు కథ కాదు. పలుకుబడి ఉన్న మనిషి కదా, ఎవరితోనో సిఫారసు చేయించుకుని తానొక్కతే చేరిపోవచ్చు. బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటానని ఒప్పించుకోవచ్చు. అలా చేసి ఉంటే ఆమె ఒక్కరికి సీటు దొరికేది, తర్వాత వచ్చే అమ్మాయికి అదే తలుపు మూసే ఉండేది. ఆమె మాత్రం తన సమస్యను తన ఒక్కదానిదిగా చూడలేదు. నాలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు అని ముందు వెతికారు.

తన కోసం తెగించడాన్ని మనం ధైర్యం అంటాం, అది కూడా గొప్పదే. తాను వెళ్ళిన దారిలో ఇంకొకరు నడిచేలా చేయడం నాయకత్వం. దుర్గాబాయి జీవితమంతా ఈ రెండోదే.

1942లో ఆమె మద్రాసులో లా పూర్తి చేశారు.

పుట్టిల్లు లేని వాళ్ళకు పుట్టిల్లు

చదువుకునే ఆ సంవత్సరాల్లోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. ఏ పరీక్షకు తాను ఒంటరిగా కుస్తీ పట్టారో, సరిగ్గా అదే బెనారస్ మెట్రిక్ పరీక్షకు అక్కడ ఆడవాళ్ళను తయారు చేశారు. చిన్నప్పుడే చదువు మానేసినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు వచ్చి చేరారు. చదువుతో పాటు చేతిపనులు నేర్పారు. తర్వాత ఆస్పత్రి, నర్సుల శిక్షణ, కాలేజీలు వచ్చాయి. హైదరాబాదు విద్యానగర్‌లో ఉన్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి మనలో చాలామందికి తెలిసినదే. "ఆంధ్ర మహిళ" అనే పత్రిక కూడా ఆమె నడిపారు.

ఆమెకు పదిహేనేళ్ళప్పుడు దొరికిన అండ అందరు ఆడపిల్లలకూ దొరకదని ఆమెకు తెలుసు. తండ్రి, అన్నదమ్ములు వెనక నిలబడని ఆడపిల్ల ఎక్కడికి వెళ్ళాలి? ఆ ప్రశ్నకు ఇటుకలతో, బల్లలతో, పుస్తకాలతో ఇచ్చిన జవాబు ఆంధ్ర మహిళా సభ.

తన వాళ్ళకే ఎదురు చెప్పడం

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం తరఫున రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో ఉన్న ఆడవాళ్ళు మొత్తం 15 మంది. సభాపతి లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఈవిడ. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏళ్ళ వయసు అవసరం లేదు, 30 చాలు అని సవరణ తెచ్చారు. చిన్నవాళ్ళకూ చోటుండాలన్నది ఆమె వాదన. ఇవాళ రాజ్యాంగంలో ఉన్నది 30 ఏళ్ళే.

ఇక భాష గురించి చర్చ వచ్చింది. దుర్గాబాయి చిన్నప్పటి నుంచీ హిందీ నేర్పిన మనిషి. సభలో హిందీ వాళ్ళ పక్షాన గట్టిగా మాట్లాడతారని ఎవరైనా అనుకుంటారు. ఆమె మాత్రం హిందీని ఉధృతంగా రుద్దే ప్రచారం వల్ల దక్షిణాది మనసులు గాయపడుతున్నాయని చెప్పారు. హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ అయితే బాగుంటుందన్నారు. దక్షిణాది వాళ్ళు అలవాటు పడటానికి 15 ఏళ్ళ వ్యవధి ఇవ్వమన్నారు. ఎదుటి పక్షాన్ని విమర్శించడానికి కొంచెం ధైర్యం చాలు. తాను ఏళ్ళ తరబడి ప్రేమగా చేసిన పని తప్పుదారి పడుతుంటే "ఇలా వద్దు" అని తనవాళ్ళతో చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. మన తెలుగు సంఘాల మీటింగుల్లో కూర్చున్న వాళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు!

ఓడిపోయిన తర్వాత

1952 సాధారణ ఎన్నికల్లో ఆమె పోటీ చేసి ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషికి ఓటర్లు వద్దన్నారు. ఈ ఓటమి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం, కానీ ఆమె చేసిన పెద్ద పనులు కొన్ని ఆ తర్వాతే వచ్చాయి. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు ఆవిడే. దేశమంతా ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం, వికలాంగుల కోసం పనిచేసే చిన్న చిన్న సంస్థలకు సర్కారు సాయం అందే దారి ఏర్పడింది.

ఆ బోర్డే 1958లో ఇంకో పథకం తెచ్చింది. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళు తక్కువ కాలంలో చదివి పరీక్ష రాసేలా కుదించిన కోర్సులు. ఎక్కడో విన్నట్టుంది కదూ? మద్రాసులో కొద్దిమందికి నేర్పిన బెనారస్ మెట్రిక్ క్లాసులే దేశమంతటికీ వెళ్ళాయన్నమాట. ఒకప్పుడు తాను ఒక్కతే కూర్చుని చదువుకున్న పుస్తకాలు, తర్వాత ఒక సంస్థ, ఆ తర్వాత దేశం మొత్తానికి ఒక పథకం.

చైనా వెళ్ళినప్పుడు అక్కడి పద్ధతులు చూసి వచ్చి, కుటుంబ తగాదాలకు వేరే కోర్టులుండాలని 1953లోనే చెప్పడం మొదలుపెట్టారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. ఆమె 1981లోనే చనిపోయారు. విత్తనం వేసిన చెయ్యి కాయ కోసే రోజు దాకా ఉండాలన్న నియమం లేదు.

1953లోనే ఆమె చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు ఆయన, అప్పటికి దేశ ఆర్థిక మంత్రి. ఎనిమిదేళ్ళకు ఎవరో చేసిన పెళ్ళి కాదు ఇది, నలభై మూడేళ్ళకు తానే నిర్ణయించుకున్న పెళ్ళి. ఆ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన ముగ్గురిలో నెహ్రూ ఒకరు. ఈసారి ఆయన్ను టిక్కెట్టు ఎవరూ అడగలేదనుకుంటాను!

1975లో పద్మవిభూషణ్ వచ్చింది. ఢిల్లీ మెట్రోలో ఆమె పేరుతో ఒక స్టేషన్ ఉంది.

మరి మన సంగతి?

"ఆవిడ మహానుభావురాలమ్మా, మనమెక్కడ" అని చాలామంది అంటారు. ఆ మాటలో వినయం ఉంది, కొంచెం తప్పించుకోవడం కూడా ఉంది. ఆమె చేసిన పనులను పెద్ద పేర్లు తీసేసి చూడండి. నాలాగే ఇబ్బంది పడుతున్న వాళ్ళు ఎవరున్నారని ఒక ప్రకటన ఇచ్చారు. తాను పాసైన పరీక్షను పక్కవాళ్ళకు నేర్పారు. అప్పజెప్పిన పని ఎదుటి మనిషి హోదా చూసి మార్చలేదు. ఓడిపోతే వేరే పని వెతుక్కున్నారు. ఇందులో మనకు చేతకానిది ఏముంది?

మన గ్రూపుల్లో రోజూ వచ్చే మెసేజీలు చూడండి. "ఇండియా బీఈడీ ఇక్కడ చెల్లుతుందా?" "పదేళ్ళ గ్యాప్ వచ్చింది, మళ్ళీ ఉద్యోగం ఎలా?" "డ్రైవింగ్ టెస్టు మూడోసారి పోయింది." "నర్సింగ్ పరీక్షకు ఎవరైనా కలిసి చదువుతారా?" వీటిలో ప్రతి ఒక్కటీ ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్ లాంటి సమస్యే. ఒక్కొక్కరం ఒంటరిగా అడుగుతాం, ఒంటరిగా గట్టెక్కుతాం, పనైపోయాక గ్రూపును మ్యూట్ చేస్తాం. గట్టెక్కిన మనిషి అక్కడే కాసేపు నిలబడి, తాను కట్టిన ఫీజులు, పంపిన కాగితాలు, చేసిన తప్పులు వరుసగా రాసిపెడితే, తర్వాతి మనిషికి ఆర్నెల్లు కలిసొస్తాయి. వారానికి ఒక గంట వీడియో కాల్‌లో నలుగురికి ఇంగ్లీషో, లెక్కలో చెబితే అదొక చిన్న మహిళా సభే.

ఇంకొకటి. మొదట చెప్పిన పుట్టిల్లు మాట గుర్తుందా? దేశం కాని దేశంలో మన పుట్టిల్లు పది గంటల విమాన దూరంలో ఉంటుంది. ఇంట్లో బాధ పడుతున్న అమ్మాయి అమ్మకు ఫోను చేసినా "సర్దుకుపో తల్లీ" అనే వినిపించవచ్చు. ఆ అమ్మాయి ఎప్పుడో ఒక రాత్రి మన గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, అంతలోనే డిలీట్ చేస్తుంది. అది చూసినవాళ్ళు ఊరుకోకూడదు. పర్సనల్‌గా పలకరించాలి. ఏ హెల్ప్‌లైన్‌కు ఫోను చేయాలో, ఏ లాయర్‌ను కలవాలో మనం కనుక్కుని చెప్పాలి. గ్రూపులో ఆమె పేరు నలగకుండా చూడాలి.

దుర్గాబాయికి పదిహేనేళ్ళప్పుడు ఆమె మాట నమ్మినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. ఆ నమ్మకం ఆమె చేతుల మీదుగా వేలమందికి అందింది. పరాయి దేశంలో ఒక ఆడపిల్ల ధైర్యం చేసి నోరు విప్పితే, ఆమె మాట నమ్మడానికి దగ్గరలో ఉన్నది మనమే.